కనక చెయ్యి అందని చోటు

మా ఆయన అహరోను పట్నం నుంచి తెచ్చుకున్న సర్టిఫికెట్టును గోడకు తగిలించడానికి ఒక పూటంతా పట్టింది. తిన్నగా లేదని ఓసారి, కిటికీ వెలుగు పడడం లేదని ఓసారి, మేకు మార్చి మార్చి కొట్టారు. చివరికి బైబిలు వాక్యం పటం ఉన్న చోటే బాగుందని తేల్చి, వాక్యాన్ని పక్క గోడకు పంపించి, అద్దం బిగించిన ఆ కాయితాన్ని నడిమి గోడకు ఎక్కించారు.

"దీన్ని ఎవరూ ముట్టుకోకండి" అన్నారు పీట దిగుతూ.

ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. ఆ ఎవరూ అన్నది ఎవరినో తెలియకపోవడానికి నేనేమీ చిన్నపిల్లను కాను.

అరకు లోయలో మా మిషను చిన్నది. రాతి బంగళా, మందుల గది, ఆడపిల్లల హాస్టలు, పనివాళ్ళకు మట్టి గోడల ఇళ్ళు. నేను హాస్టలు పిల్లలకు అక్షరాలు చెప్పే పంతులమ్మను. నా పేరు మగ్దలేనమ్మ అయినా, అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఈ కొండల్లో ఎవరికీ లేదు. వెనకటి దొరగారు ఓడ మీద తెప్పించి, ఎడ్లబండి మీద ఘాటీ కొండదారి ఎక్కించిన నూనె ఇంజనూ, డైనమో, గాజు తొట్లలో బ్యాటరీలూ బంగళా వెనక షెడ్డులో ఉన్నాయి. వాటితో బంగళాకూ మందుల గదికీ లైట్లు. ఇంజను తుడిచి నూనె పోసే పని మా ఆయనది. దొరగారు తమ దేశం వెళ్ళిపోయాక, మిషను చూసుకునే మిస్సమ్మగారు ఆయన్ని విశాఖపట్నం పంపించి, ఒక వర్క్‌షాపులో ఇళ్ళకు తీగలు లాగే పని నేర్పించారు. దాని ఫలితమే ఈ కాయితం.

మిస్సమ్మగారిది వ్యాకరణం పుస్తకంలో నేర్చుకున్న తెలుగు. "అహరోనూ, మొదట నీ గృహములో దీపము పెట్టుము. క్రిస్మసు వరకు చూచెదను. అది చక్కగా వెలిగిన యెడల బాలికల హాస్టలునకు కూడ నీవే పెట్టుదువు. వెలగని యెడల పట్నమునుండి కంపెనీ మనుష్యుని పిలిపించెదను" అన్నారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారన్నమాట. గెలవకపోతే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు కానీ మాకు తెలుసు. కంపెనీ మనిషి వస్తే లైటు పని అతనిది, ఆ పనికి ఇచ్చిన ఈ ఇల్లూ అతనిదే. మొగుడి పని పోయాక పెళ్ళాన్ని ఒక్కదాన్నే ఉంచుకునే మిషను కాదు మాది. ఘాటీ దిగి మైదానంలో మా అత్తగారి పంచన చేరాలి. ఆవిడ మంచిదే, దూరంగా ఉన్నంతకాలం. నాకు ఈ మంచూ, ఈ చలీ, 'క' గుణింతం దగ్గర నవ్వు ఆపుకోలేని ఆ కొండ పిల్లలూ కావాలి. వాళ్ళను వదిలి పోవాలంటే నాకు ప్రాణం పోయినట్టే ఉంటుంది.

ఆయన పని మొదలుపెట్టారు. పుస్తకంలో ఎలా ఉంటే అలాగే. గోడ పొడుగునా, మన చెయ్యి అందే ఎత్తులో, గాడి తీసిన చెక్క పట్టీలు బిగించి, గాడిలో తీగలు వేసి, పైన చెక్క మూత కొట్టారు. సూత్రం పట్టి గీత గీసినట్టు వచ్చింది. పట్టీ సర్టిఫికెట్టు పటం వెనక నుంచి వెళ్ళి, గుమ్మం పక్క స్విచ్చి దగ్గర ఆగింది. సాయంత్రం స్విచ్చి తిప్పితే, అబద్ధం ఎందుకు, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిణుగురు కూడా దూరని మా వంటమూల మొదటిసారి కనిపించింది. ఎంత మసి పట్టి ఉందో కూడా కనిపించింది.

మరునాడు కనక వచ్చింది.

కనక మా మిషను కింద ఉన్న ఊరి మనిషి. నడి వయసు, గట్టి చేతులు, ఇంకా గట్టి నోరు. వానలు వెనకపట్టాక, పండగలోగా మా ఇళ్ళన్నిటికీ వారానికో గోడ చొప్పున ఎర్రమట్టీ పేడా కలిపి అలుకుతుంది. వాన దెబ్బతిన్న గోడకు ఆమె చెయ్యి పడితే కొత్త గోడే.

"ఏటి బాబూ, మంచి గోడ మీద ఈ కర్రలు కొట్టీసినావు?" అంది మా ఆయన్ని చూసి.

"అందులోంచే లైటు వస్తుంది కనకా."

"రానీ. నాకేటి? కానీ గోడ అలికితే గీతంత సోటు కూడా ఒగ్గీకూడదు. ఒగ్గీసిన గీతలోంచే ఇంట్లోకి జరం దూరతాది."

ఆయన నవ్వి షెడ్డుకు వెళ్ళిపోయారు. నేను బడికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఒక గోడ నిగనిగలాడుతోంది. చెక్క పట్టీ ఎక్కడుందో తెలియకుండా దాని మీదుగా నున్నగా మెత్తేసింది. ఒక్క సర్టిఫికెట్టు జోలికి మాత్రం పోలేదు. పటం చుట్టూ వేలితో జాగ్రత్తగా పూసి వదిలింది. ఎందుకని అడిగితే గొంతు తగ్గించి చెప్పింది.

"అది బాబుగారి దేవుడు కదమ్మా. పొద్దున్న లెగిసి ముందర దాని మొకమే సూత్తాడు. ముట్టుకుంటే తప్పు."

ఆ మాట ఆయనతో చెప్పలేదు. చెబితే కోపగించుకోరు, సంతోషిస్తారు. అదే నా భయం.

ఆయన వచ్చి గోడ చూసి, "బాగానే ఉంది. మూత ఉంది కదా, పైన మట్టి పడితే ఏటవుద్ది?" అన్నారు. వర్క్‌షాపు ఉన్న పట్నంలో గోడలన్నీ సున్నం గోడలు. వాళ్ళ పుస్తకంలో పేడ మాట ఎందుకుంటుంది?

రెండో శనివారం కనక వంటమూల గోడ అలుకుతూ కెవ్వుమంది. నేను పరుగెత్తాను. చెయ్యి పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, గోడకేసి చూస్తోంది.

"గోడ నా సెయ్యి పట్టుకున్నాదమ్మా! జుమ్మంది!"

నేను తడి గోడ మీద వేలు పెట్టాను. నిజమే. మోచేతి దాకా చీమలు పాకాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కనక వెంటనే చెంపలు వేసుకుని, "తల్లీ, తప్పు కాయి" అని గోడకు దండం పెట్టింది. నేను బాప్తిస్మం పుచ్చుకున్న దాన్ని కాబట్టి దండం పెట్టలేదు. పెట్టాలని మాత్రం అనిపించింది.

ఆదివారం ఆరాధన, ఇంజను జోలికి పోకూడదు. సోమవారం మా ఆయన కరెంటు కొలిచే పెట్టె తెచ్చి గోడంతా పరీక్ష చేశారు. ముల్లు కదలలేదు. "అంతా సరిగ్గానే ఉంది. మీ ఇద్దరికీ అనుమానం పెనుభూతం" అన్నారు. మూడో వారం మరో గోడ జుమ్మంది. సోమవారం మళ్ళీ ఏమీ లేదు. ఈలోగా దీపం నీరసించడం మొదలుపెట్టింది. సాయంత్రం వెలిగిన బల్బు భోజనాల వేళకు నిప్పుకణికలా ఎర్రబడేది. ఆయన బ్యాటరీలు కడిగారు, ఇంజను విప్పారు, బల్బు మార్చారు, మళ్ళీ పాతది పెట్టారు. తప్పు షెడ్డులోనే ఉందంటారు. గోడలో ఉందంటాను నేను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"పుస్తకం ప్రకారం గోడలో తప్పుండడానికి వీల్లేదు" అన్నారు ఒకరోజు అన్నం దగ్గర.

"గోడ పుస్తకం చదువుకోలేదండీ" అన్నాను.

ఆయన మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయారు. అంత మాట అనకుండా ఉండాల్సిందని నాకు అనిపించలేదు, అప్పటికి.

కనక మాత్రం తన పద్ధతిలో తాను పోయింది. గోడ జుమ్మన్న చోటల్లా పసుపు పూసి, బంతిపూలు గుచ్చి, కింద ఒక కోడిగుడ్డు పెట్టింది. హాస్టలు వంటమ్మ పైడమ్మ వచ్చి చూసి వెళ్ళింది. ఆమె చెబితే ఊళ్ళో ఆడవాళ్ళు గుంపుగా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే మిస్సమ్మగారు మా దీపం ఎలా ఉందో చూడడానికి వచ్చారు.

ఆవిడ బంతిపూలు చూశారు. గుడ్డు చూశారు. ఎర్రగా మూలుగుతున్న బల్బు చూశారు.

"అహరోనూ, ఇది ఏమి? క్రైస్తవుని గృహములో గోడకు పూజయా? దీపము కూడ రోగిష్ఠి వలె ఉన్నది." కోపం లేదు, బాధే ఉంది ఆ గొంతులో. "వచ్చే ఆదివారమునకు ఇది చక్కబడని యెడల నేను పట్నమునకు కబురు పంపెదను."

ఆయన తల వంచుకుని నిలబడ్డారు. అలా నిలబడ్డ మనిషిని చూసేసరికి ఆ రోజు అన్నం దగ్గర ఆ మాట అనకుండా ఉండాల్సిందని అనిపించింది. నాకు కోపం వస్తే నోరు ఆగదు, జాలి వస్తే చేతులు ఆగవు. గుంపు వెళ్ళిపోయాక కనకను కూర్చోబెట్టి అడిగాను.

"నీ అమ్మవారు ఎప్పుడెప్పుడు వస్తోంది? సరిగ్గా చెప్పు."

"నాను గోడ తడిపినప్పుడు వత్తాది. గోడ ఆరితే ఎల్లిపోద్ది. పోయినోరం పడమట గోడ, దాని ముందర వంటగది. నా సెయ్యి తడి యే గోడకుంటే ఆ గోడకే."

"అలికిన ప్రతి చోటా వచ్చిందా?"

కనక ఆలోచించింది. "అలికిన సోటల్లా వచ్చింది. మొదటి గోడకాడ సీమ కుట్టినాదనుకున్నాను. బాబుగారి దేవుడి ఎనకాతల మాత్రం అలకనేదు కదా. అక్కడికి ఎలాగొత్తాది?"

అది విన్నాక నాకు కాలు నిలవలేదు. ఆయన షెడ్డు నుంచి వచ్చేలోగా పీట ఎక్కి సర్టిఫికెట్టు దింపేశాను. దాని వెనక చదరంగా పాత మట్టి, దాని మీద చెక్క పట్టీ, బిగించిన రోజున ఎలా ఉందో అలాగే, పొడిగా, తెల్లగా ఉంది. పటం అంచు దాటాక అదే పట్టీ నల్లబడి, నీళ్ళు తాగి ఉబ్బి, మూత నోరు తెరిచింది. లోపల ఏముందో చూద్దామని కూరగాయల కత్తి తెచ్చి ఆ సందులో పెట్టబోయాను.

"మగ్దలేనా!"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నా మీద అరవడం అదే మొదలు. గుమ్మంలోంచి ఒక్క దూకు దూకి నా చెయ్యి లాగేశారు. కత్తి ఎగిరి ఎక్కడో పడింది. వెంటనే షెడ్డుకు పరుగెత్తి, మెయిను స్విచ్చి దించి, ఫ్యూజు పీకి జేబులో వేసుకుని వచ్చారు. "పని చేసేవాడి జేబులోనే ఫ్యూజు ఉండాలి. ఇంకోడు తెలీక పెట్టీకుండా" అన్నారు. "వట్టి కాళ్ళు, తడి నేల, ఇనప కత్తి. నీకేటైనా అయితే నానేటి అయిపోవాలి?"

వర్క్‌షాపు వాళ్ళు ఈయనకు ఇది నేర్పి ఉండకపోతే ఈ కథ మరెవరో చెప్పాల్సి వచ్చేది. ఆ కాయితాన్ని మళ్ళీ ఎప్పుడూ వెటకారం చెయ్యకూడదనుకున్నాను. ఆ నియమం ఎన్నాళ్ళు నిలిచిందన్నది వేరే సంగతి.

ఇద్దరం గోడ దగ్గర నిలబడి మూత విప్పాం. తీగల మీది నూలు తొడుగు మట్టినీళ్ళు పీల్చి కుళ్ళిపోయింది. రెండు తీగల మధ్యా పేడ, మట్టి పేరుకుని ఉన్నాయి. ఆయన దాన్ని వేలితో తీసి చూశారు, పటం వెనక పొడి చెక్క చూశారు, మళ్ళీ మట్టి చూశారు.

"తడి" అన్నారు చివరికి. "శనివారం తడి. నేను సోమవారం సూత్తన్నాను, ఆరిపోయాక. కరెంటంతా గోడ తాగేసింది. దీపానికేటి మిగుల్తాది?" ఆ తరవాత నవ్వడం మొదలుపెట్టారు. "నా కాయితం ఒక్క జానెడు తీగనైనా కాపాడిందే!"

నేనూ నవ్వాను. చాలా రోజుల తరవాత ఇద్దరం ఒకే విషయానికి నవ్వాం.

మరునాడు కొత్త తీగలు గోడ జోలికి పోకుండా, పైన దూలానికి పింగాణీ బిళ్ళలు కొట్టి వాటి మీదుగా లాగారు. అలా లాగడం కూడా వర్క్‌షాపులో చూపించారట. గోడ మీద పట్టీ అయితే అందంగా ఉంటుందని అది వద్దనుకున్నారట. ఇక అమ్మవారికి దారి లేదని సంబరపడ్డాం. సాయంత్రం బడి నుంచి వచ్చి పైకి చూస్తే, తీగల నిండా మొక్కజొన్న కంకులు జతలు జతలుగా వేలాడుతున్నాయి. కనక చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"ఇత్తనం కంకులమ్మా. దూలానికి కట్టుకుంటే పొగ తగిలి పురుగు పట్టదు. నీకని తెచ్చినాను. ఎంత బాగా తీగలు కట్టినాడో బాబు!"

మా ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. నేనైతే పొట్ట పట్టుకుని కూర్చుండిపోయాను. ఆయన మళ్ళీ ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, కంకులు ఒక్కొక్కటే దింపారు. దింపుతూ దింపుతూ నిచ్చెన మీదే ఆగిపోయారు. కనక వైపు తిరిగారు.

"కనకా, నీ చెయ్యి గోడ మీద ఎంత దాకా అందుద్ది?"

"ఏటి బాబూ, ఈ అడుగుడు?"

"అలికేటప్పుడు నిచ్చెన ఎక్కుతావా?"

"నానెందుకెక్కుతాను? మీదనున్నది ఇల్లు కట్టినప్పుడు మగోళ్ళు ఒక్కపాలి మెత్తినారు, అంతే. ఆడదాని సెయ్యి అందినంత మట్టుకే అలుకు."

"అయితే అక్కడికి ఒక ముద్ర వెయ్యి."

కనక ఎర్రమట్టి కుండలో చెయ్యి ముంచి, మునివేళ్ళ మీద నిలబడి, అందినంత ఎత్తులో అరచెయ్యి అద్దింది. ఆ చేతికి పైన, కంకులు వేలాడే దూలానికి కింద, మూరెడు చోటు ఉంది. ఎప్పుడూ తడవనిది, ఎవరూ ఏమీ తగిలించనిది. ఇంట్లో అలాంటి చోటు ఒకటుందని ఇన్నేళ్ళు కాపురం చేసిన నాకే తెలియదు. తీగలు అక్కడ, గోడకు తగలకుండా, బిళ్ళల మీద వెళ్ళాయి. స్విచ్చికి కిందికి దిగాలి కాబట్టి ద్వారబంధం చెక్క మీదుగా దింపారు. చెక్కకు ఎవరూ మట్టి పుయ్యరు; అది కూడా కనకను అడిగాకే.

శనివారం కనక మిగిలిన గోడ అలికింది. భయపడుతూ వేలు పెట్టింది, తరవాత అరచెయ్యి పెట్టింది. ఏమీ లేదు.

"ఎల్లిపోయినాదమ్మా" అంది, కొంచెం దిగులుగానే. "గుడ్డు పెట్టినాను కదా, సాంతించింది."

తడి అని మా ఆయన చెప్పబోతే నేను మోచేత్తో పొడిచాను. ఎవరి సర్టిఫికెట్టు వాళ్ళది.

ఆదివారం ఆరాధన అయ్యాక మిస్సమ్మగారు వచ్చారు. మబ్బు పట్టి లోపల చీకటిగా ఉంది. ఆయన స్విచ్చి తిప్పారు. బల్బు తెల్లగా వెలిగింది. ఆవిడ పైకి చూసి, తీగ వెంట నడిచి, దాని కింద ఎర్రగా ఆరిన చేతి ముద్ర దగ్గర ఆగారు.

"ఇది ఏమి? మరల పూజయా?"

"కాదమ్మగారూ" అన్నారు మా ఆయన. "అది కొలత. దాని కింద కనక పని, దాని పైన నా పని."

మిస్సమ్మగారు ఆ ముద్ర మీద తన తెల్లటి చెయ్యి ఆనించి చూశారు. ఆవిడ పొడుగు మనిషి, అయినా చెయ్యి పూర్తిగా చాపితే గానీ అందలేదు. "హాస్టలులో ప్రతి గదిలోను ఈ కొలత వేయించుము" అని వెళ్ళిపోయారు. పట్నానికి కబురు వెళ్ళలేదు.

క్రిస్మసు నాటికి హాస్టలు గదులన్నిట్లో దీపాలు. ప్రతి గోడకూ కనక అరచెయ్యి. పిల్లలు దాన్ని అందుకోవాలని ఎగురుతుంటారు, అందుకున్న గుంటపిల్లను పెద్దదాని కింద లెక్క వేస్తారు. 'క' గుణింతం ఇప్పుడు దీపం కింద కూడా చెబుతున్నాను. అప్పుడూ నవ్వుతూనే ఉన్నారు.

పండగ ముందు కనక మా ఇంటికి వచ్చి, నడిమి గోడ ముందు ఆగి, సర్టిఫికెట్టుకేసి చూస్తూ నిలబడింది. కంకులతో పాటు అదీ మళ్ళీ తన చోటికి చేరింది లెండి.

"ఏటే, అలాగ సూత్తన్నావు?" అన్నారు మా ఆయన.

"దాని ఎనకాతల ఒక్కపాలీ అలకనేదు బాబూ. గోడ మజ్జిని అంత సోటు ఒగ్గీసినాను. నా మనసు పీకీతంది."

నేను ఆయన మొహం చూశాను. ఎవరూ ముట్టుకోకూడని పటం. ఆయన పీట ఎక్కి, తనే మేకు మీంచి దాన్ని తీసి, అద్దం మీది దుమ్ము ధోవతి అంచుతో తుడిచి, "బేగి కానీ, ఎండ పోకముందర" అన్నారు.

ఇప్పటికీ అంతే. మా ఇల్లు అలికే ప్రతిసారీ ఆయన సర్టిఫికెట్టు రెండు చేతులా పట్టుకుని వాకిట్లో నిలబడతారు, కనక లోపల తన పని ముగించి చేతులు కడుక్కుని, గోడ ఆరిందని చెప్పేదాకా.